కార్డ్స్, పాట రెండూ ఒకే గిటార్ మీద: అమ్మ లాలిపాట కోసం సాయం కావాలి

బి_షిఫ్టు (కూర్మన్నపాలెం) · ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. గిటార్ కొని పది నెలలైంది. షిఫ్టుల ఉద్యోగం వల్ల క్లాసుకి వెళ్ళడం కుదరలేదు, వీడియోలు చూసే నేర్చుకున్నాను. సి, జి, డి, ఎ మైనర్, ఇ మైనర్ కార్డ్స్, అంటే కొన్ని స్వరాలు కలిపి మోగించే పట్లు, ఆగకుండా మార్చగలను. ఎఫ్ ఇంకా సగమే మోగుతోంది. ఎవరైనా పాడితే వెనక తీగలన్నీ కలిపి గీకుతూ స్ట్రమ్మింగ్ చేయగలను. విడిగా ఒక్కొక్క స్వరం వెతుక్కుంటూ ట్యూన్ కూడా వాయించగలను. ఈ రెండూ కలపబోతే మాత్రం చెయ్యి ఆగిపోతోంది. ట్యూన్ మీద ధ్యాస పెడితే కార్డ్ వేళ్ళు లేచిపోతాయి. కార్డ్ గట్టిగా పట్టుకుంటే ట్యూన్‌కి వేలు మిగలదు.

ఎందుకు కావాలో కూడా చెప్తాను. మా అమ్మ ఒక లాలిపాట పాడుతుంది. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుందట, నేను వెతికినంతలో ఏ పుస్తకంలోనూ కనపడలేదు. నన్నూ చెల్లినీ ఆ పాటతోనే నిద్రపుచ్చింది. ఇప్పుడు నాకు ఐదు నెలల పాప. అమ్మకి ఆయాసం, ఒక చరణం అయ్యేసరికి ఊపిరి అందదు. ఆపేస్తే పాప ఏడుస్తుంది, అమ్మ కళ్ళు తుడుచుకుంటుంది. పాపని ఒళ్ళో పెట్టుకుని అమ్మ ఊరికే కూర్చుంటే చాలు, పాట నా గిటార్లోంచి రావాలి. వెనక తాళం వేసినట్టు కాదు, పాటే వినపడాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆదివారం_గిటార్ (అల్లిపురం) · ఆదివారం రాత్రి 11:05

అన్నా, ముందుగా పాపకి ఆశీస్సులు. నేను పదిహేనేళ్ళుగా చర్చిలో గిటార్ వాయిస్తున్నాను. మీరు చెప్పిన చోటే నేనూ రెండేళ్ళు ఆగిపోయాను. కారణం ఒక్కటే: కార్డ్ అంటే నాలుగైదు తీగలూ నొక్కి ఉంచాల్సిందే అనుకోవడం. స్ట్రమ్మింగ్‌కి అది నిజం. పాట వాయించేటప్పుడు కాదు.

మన చెవి రెండు స్వరాలనే ముందు పట్టుకుంటుంది. అన్నిటికన్నా పైన, అంటే సన్నగా మోగేదాన్ని పాట అనుకుంటుంది, అన్నిటికన్నా కింద, అంటే బొంగురుగా మోగేదాన్ని నేల అనుకుంటుంది. మధ్యలో ఉన్నవి నిండుదనానికి. కాబట్టి మొదటి నెల మధ్యవాటి జోలికే వెళ్ళకండి. కింద ఒక బేస్ స్వరం, పైన పాట. అంతే.

తీగల లెక్క సన్నదాని నుంచి: అన్నిటికన్నా సన్నది 1, మందమైనది 6. కుడిచెయ్యి: 4, 5, 6 తీగలు బొటనవేలివి. మూడో తీగ చూపుడువేలిది, రెండోది మధ్యవేలిది, ఒకటోది ఉంగరపువేలిది. బేస్, పాట ఒకే దెబ్బ మీద పడే చోట బొటనవేలూ ఇంకో వేలూ కలిపి, చిటికెడు ఉప్పు తీసినట్టు ఒకేసారి మీటాలి.

ఇది నేను ఇప్పుడే రాసిన నాలుగు బార్ల చిన్న అభ్యాసం. స్వరాలు: గ ప ప మ | గ రి స , | రి గ రి ని | స. కార్డ్స్: సి, ఎ మైనర్, జి, సి. ఎడమ చివరి అంకె తీగది, గీత మీది అంకె ఎడమచేత్తో నొక్కాల్సిన ఫ్రెట్ (మెడ మీది మెట్టు), 0 అంటే ఖాళీ తీగ. రెండు నిలువు గీతల మధ్యది ఒక బార్.

```
1 |-0---3---3---1-|-0-------------|-----0---------|---------------|
2 |---------------|-----3---1-----|-3-------3---0-|-1-------------|
3 |---------------|---------------|---------------|---------------|
4 |---------------|---------------|---------------|---------------|
5 |-3-------------|-0-------------|---------------|-3-------------|
6 |---------------|---------------|-3-------------|---------------|
```

ఎడమచెయ్యి ఒక్కసారి గమనించండి. మొదటి బార్లో సి కార్డ్ పూర్తిగా పట్టుకోనక్కర్లేదు, ఐదో తీగ మూడో ఫ్రెట్ మీద ఉంగరపువేలు ఉంటే చాలు. పైన చిటికెనవేలు 3 మీద, చూపుడువేలు 1 మీద పడతాయి. రెండో బార్లో బేస్ ఖాళీ తీగ, ఎడమచేతికి దానితో పనే లేదు. మీరు "వేలు మిగలదు" అన్నది ఇక్కడే తీరిపోతుంది. కార్డ్‌లో ఆ క్షణానికి మోగని తీగని నొక్కడం దేనికి?

నిమిషానికి 50 దెబ్బలు పెట్టుకుని వాయించండి. బేస్ స్వరం బార్ అంతా మోగుతూ ఉండాలి, వేలు తొందరపడి ఎత్తకండి. అదొక్కటే పరీక్ష.

తరంగం_భీమిలి · సోమవారం ఉదయం 6:15

నేనూ ఇదే స్థితిలో ఉన్నాను, అందుకే అడుగుతున్నాను. నాకు రెండు వేళ్ళూ ఒకేసారి పడవు, బొటనవేలు ముందు పడి పాట వెనక వస్తోంది. ఇంకొకటి, పిక్‌తో (తీగలు మీటే చిన్న బిళ్ళ) అలవాటైనవాళ్ళు దాన్ని వదిలెయ్యాల్సిందేనా?

ఆదివారం_గిటార్ · సోమవారం ఉదయం 7:30

అమ్మా, మీటే ముందు రెండు వేళ్ళనీ తీగల మీద ఆనించి ఒక క్షణం ఆగండి, తర్వాత రెండూ కలిపి వదలండి. ఆ ఆగడంలోనే సగం పని అయిపోతుంది. వారం రోజులు అలా చేస్తే ఆగకుండానే కలుస్తాయి. చెయ్యి పెట్టే తీరు కూడా చూసుకోండి. బొటనవేలు మిగతా వేళ్ళకంటే కాస్త ముందుకి, గిటార్ మెడ వైపు ఉండాలి. లోపలికి మడిస్తే వేళ్ళు ఒకదానికొకటి తగులుతాయి.

పిక్ సంగతి మన బ్యాండు తమ్ముడు చెప్తాడు.

బ్యాండ్_రుషికొండ · సోమవారం సాయంత్రం 5:50

చెప్తానన్నా. పిక్ వదలక్కర్లేదు. ఇంకో దారి కూడా ఉంది, కొత్తవాళ్ళకి నా లెక్కలో ఇదే తేలిక. పాటని పైన కాదు, కింది తీగల మీద వాయించండి. బొటనవేలితో గానీ పిక్‌తో గానీ పాట స్వరం 4, 5, 6 తీగల మీద ఒకటి కొట్టి, మిగతా దెబ్బలకి పై తీగల మీద కార్డ్ మెల్లగా గీకడం. ఒకటి పాట, రెండు మూడు కార్డ్.

అమెరికాలో మేబెల్ కార్టర్ ఇలాగే వాయించేది. 1927లో బ్రిస్టల్ అనే ఊళ్ళో వాళ్ళ కుటుంబం మొదటిసారి రికార్డింగ్ చేసినప్పుడు విడిగా సోలో వాద్యగాడెవరూ లేరు. పాట, తాళం రెండూ ఆవిడ గిటారే మోసింది. ఈ పద్ధతికి ఆ కుటుంబం పేరే నిలిచిపోయింది. ఇందులో ఉన్న లాభం ఏమిటంటే, కార్డ్ పట్టు మారదు. పాట స్వరాలు చాలావరకు ఆ పట్టులోనే దొరుకుతాయి, లేనిచోట ఒక్క వేలు ఎత్తి పెడతాం. బి_షిఫ్టు అన్నకి కార్డ్స్ వచ్చేశాయి కాబట్టి వారంలో ఒక పాట వస్తుంది.

ఆరు_తీగలు (మద్దిలపాలెం) · సోమవారం రాత్రి 8:20

నేను క్లాసికల్ గిటార్ నేర్చుకుంటున్నాను. తమ్ముడు చెప్పింది తప్పని అనను, కానీ పసిపాపని నిద్రపుచ్చే పాటకి మందమైన తీగల మీద ట్యూన్, పైన గీకుడు నప్పవని నా అభిప్రాయం. లాలిపాటకి మెత్తదనం కావాలి.

ఇంకో మాట. ఒక్క పాట కోసం చెయ్యి అలవాటు చేసుకుంటే ఆ ఒక్క పాటే వస్తుంది. కుడిచేతిని ముందు తయారుచేసుకోవాలి. మావ్రో జూలియాని అనే ఇటాలియన్ విద్వాంసుడు 1812లో కుడిచేతి కోసం 120 అభ్యాసాలు ప్రచురించాడు. వాటిలో ఎడమచేతికి దాదాపు పనే ఉండదు, సి, జి7 అనే రెండు కార్డ్స్‌ మధ్య మారుతూ ఉంటే చాలు. మారేదల్లా కుడిచేతి వేళ్ళ వరసే. రెండువందల ఏళ్ళు దాటినా మా గురువుగారు ఇప్పటికీ అవే వాయించమంటారు. రోజుకి నాలుగు చొప్పున ముప్ఫై రోజులు. ఆ తర్వాత ఏ పాటైనా వేళ్ళు వింటాయి. నొటేషన్, అంటే గీతల మీద చుక్కలతో రాసే పాశ్చాత్య స్వరలిపి, చదవడం కూడా నేర్చుకోండి. పైన అంకెలతో రాసింది ట్యాబ్. ట్యాబ్‌లో ఏ తీగ, ఏ ఫ్రెట్ అన్నది తెలుస్తుంది గానీ, ఏ స్వరం ఎంతసేపు నిలవాలో, ఏది పాట, ఏది బేస్ అన్నది తెలీదు. నొటేషన్లో పాట స్వరాల కాడలు పైకి, బేస్ కాడలు కిందకి రాస్తారు, చూడగానే రెండు గొంతులు కనిపిస్తాయి.

బ్యాండ్_రుషికొండ · సోమవారం రాత్రి 8:45

అక్కడ పాప ఏడుస్తోంది, ఇక్కడ నెల రోజుల అభ్యాసాలా? పాట వాయిస్తూనే చెయ్యి తయారవుతుంది. నేను అలాగే నేర్చుకున్నాను.

ఆరు_తీగలు · సోమవారం రాత్రి 9:10

రోజుకి పది నిమిషాలు అభ్యాసం, మిగతా సమయం పాట. అలా అంటే నీకూ అభ్యంతరం ఉండదు కదా.

బ్యాండ్_రుషికొండ · సోమవారం రాత్రి 9:12

లేదు. అది బాగుంది.

బి_షిఫ్టు · శుక్రవారం మధ్యాహ్నం 2:30

అందరికీ కృతజ్ఞతలు. నాలుగు రోజులుగా రాత్రి డ్యూటీ (సి షిఫ్టు) నుంచి వచ్చి పడుకునే ముందు అరగంట కూర్చుంటున్నాను. ఆదివారం_గిటార్ గారి నాలుగు బార్లు వచ్చాయి. మొదటిసారి నా గిటార్లోంచి ఇద్దరు వాయిస్తున్నట్టు వినపడింది. చాలా సంతోషం వేసింది, దాచుకోను.

రెండు ఇబ్బందులు. ఒకటి, బేస్ పెద్దగా, పాట చిన్నగా వస్తోంది. రెండు, చిటికెనవేలితో ఒకటో తీగ మూడో ఫ్రెట్ నొక్కితే సూదిలా గుచ్చుకుంటోంది. తీగ మీద గరుకుగా ఎర్రటి మచ్చలు వచ్చాయి. కొన్నప్పటి తీగలే, మార్చలేదు.

రిపేర్_డాబాగార్డెన్స్ · శుక్రవారం సాయంత్రం 4:00

బాబూ, పది నెలలా! మన ఊళ్ళో ఉప్పుగాలికి స్టీలు తీగ రెండు మూడు నెలలు నిలిచిందంటే గొప్ప. బీచి రోడ్డు వైపు ఇళ్ళలో అయితే ఇంకా ముందే తుప్పు పడతాది. ముందు ఆ తీగలు తీసీండి. నొప్పిలో సగం వాటిదే.

కొత్తవి కొనేటప్పుడు 12 నుంచి మొదలయ్యే సెట్ కాకుండా 10 నుంచి మొదలయ్యేది అడగండి. ఒకటో తీగ మందం అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన చెప్తారు, ఆ 10, 12 అవే. 10 అయితే చిటికెనవేలికి ఎంతో తేలిక. శబ్దం కాస్త పల్చబడతాది, లాలిపాటకి ఫర్వాలేదు. వాయించడం అయ్యేక పొడిగుడ్డతో తీగల పైనే కాదు, కింద కూడా తుడవండి. చెమట అక్కడే ఉండిపోతాది.

ఇంకోటి చూడండి. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఆరో తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఎంత ఎత్తుందో స్కేలుతో కొలవండి. రెండున్నర మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే మంచిదే. నాలుగు దాటిందంటే మీ వేళ్ళ తప్పు కాదు, గిటార్ పని చేయించాలి. వానాకాలం తేమకి పై చెక్క ఉబ్బి తీగలు లేస్తాయి, ముఖ్యంగా ప్లైవుడ్ కాకుండా అసలు చెక్క వేసిన వాటికి. కవర్లో సిలికా జెల్ పొట్లాలు రెండు మూడు పడేసి ఉంచండి. గోడకి ఆనించి వదిలీకండి.

నొప్పి తగ్గుతుందని నైలాన్ తీగలు వెయ్యమని ఎవరైనా చెప్తే వినకండి. అది వేరే గిటార్, దాని మెడ కూడా వెడల్పు. క్లాసికల్ గిటార్‌కి స్టీలు తీగలు వేసి బ్రిడ్జి (తీగల్ని కింద పట్టి ఉంచే చెక్క) ఊడగొట్టుకుని నా దగ్గరకి తెచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాటిని చూస్తే మనసు పాడైపోతాది.

ఆరు_తీగలు · శుక్రవారం రాత్రి 7:35

బేస్ పెద్దగా రావడం సహజం. బొటనవేలు బలమైనది, కింది తీగలు మందమైనవి. తగ్గించాల్సింది బొటనవేలిని. పాటని పెంచాలంటే ఆనించి మీటే పద్ధతి వాడండి: రెండో తీగ మీటాక వేలు గాల్లోకి లేవకుండా పక్కనున్న మూడో తీగ మీద వచ్చి ఆగాలి. శబ్దం గుండ్రంగా, నిండుగా వస్తుంది. బేస్ మాత్రం ఆనించకుండా ఊరికే తాకి వదిలెయ్యాలి. ఫోన్లో రికార్డ్ చేసి వినండి. వాయిస్తున్నప్పుడు గిటార్ మన ఒళ్ళో ఉంటుంది కాబట్టి బేస్ కడుపుకి తగులుతుంది, పాట ఎంత వినపడుతోందో మనకి నిజంగా తెలీదు. ఎదురుగా పెట్టిన ఫోన్‌కి తెలుస్తుంది.

వీణ_సీతమ్మధార · శుక్రవారం రాత్రి 9:00

బాబూ, ఇప్పుడే అంతా చదివేను. నేను విజయనగరం సంగీత కళాశాలలో వీణ డిప్లొమా చేసేను, ముప్ఫై ఏళ్ళపైనే అయింది. గిటార్ నాకు రాదు. కానీ మీరు అడుగుతున్నది మా వీణలో మొదటి రోజు నుంచీ చేసే పనే, అందుకని రాస్తున్నాను.

వీణకి ఏడు తీగలు. నాలుగు పాటకి: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. పక్కన మూడు తాళపు తీగలు, వాటికి మెట్లతో పనిలేదు. షడ్జమం, పంచమం, పై షడ్జమం, అంతే మోగుతాయి. చూపుడువేలూ మధ్యవేలూ పాట మీటుతుంటే చిటికెనవేలు తాళం పడ్డచోట ఆ పక్క తీగల్ని కింద నుంచి పైకి మీటుతుంది. పాట ఎక్కడికి వెళ్ళినా స, ప అక్కడే ఉంటాయి. వినేవాళ్ళకి ఇంకేమీ తక్కువైనట్టు అనిపించదు. వీణలో చిటికెనవేలు చేసేది గిటార్లో బొటనవేలు చేస్తోంది, అంతే తేడా.

కార్డ్స్ గురించి తర్వాత. ముందు అమ్మగారి పాట స్వరాలు రాయండి. స్వరాలు రాకపోతే గిటార్ మీద ఎక్కడ నొక్కుతున్నారో రాయండి, నేను చూసుకుంటాను.

బి_షిఫ్టు · శనివారం ఉదయం 10:20

అమ్మగారూ, మీరు అడగడమే నాకు గొప్ప. అమ్మ దగ్గర కూర్చుని మెల్లగా వెతికేను. సి నుంచి మొదలుపెడితే పాటంతా సి, డి, ఇ, జి, ఎ ఈ ఐదు స్వరాల్లోనే ఉంది. ఎఫ్, బి ఎక్కడా రాలేదు. మొదటి వరస: ఇ ఇ జి | ఎ , జి | ఇ జి ఇ | డి. రెండో వరస: డి డి ఇ | జి , ఇ | డి ఇ డి | సి. మూడేసి దెబ్బలుగా వస్తోంది, ఊయల ఊగినట్టు.

వీణ_సీతమ్మధార · శనివారం ఉదయం 11:45

గ గ ప | ద , ప | గ ప గ | రి , , || రి రి గ | ప , గ | రి గ రి | స , ,

బాబూ, ఇది మోహన రాగం ఛాయ. స రి గ ప ద, మధ్యమం లేదు, నిషాదం లేదు. పల్లెల్లో పాడుకునే పాటలు ఎన్నో ఈ ఐదు స్వరాల్లోనే తిరుగుతాయి. రాగమని తెలిసి పాడరు, నోటికి అలా వచ్చేస్తుంది.

ఒక్కటే మనవి. ఈ పాటకి కార్డ్స్ వేసేటప్పుడు అందులో లేని స్వరం తేవద్దు. సి కార్డ్ అంటే స గ ప, హాయిగా ఉంటుంది. ఎఫ్ కార్డ్ వేసేరంటే మధ్యమం వచ్చి కూర్చుంటుంది. జి కార్డ్‌లో నిషాదం ఉంది. పాటలో లేని మనుషులు ఇంట్లోకి వచ్చినట్టు ఉంటుంది నా చెవికి.

ఆరు_తీగలు · శనివారం మధ్యాహ్నం 12:30

మేడమ్, గౌరవంతోనే అడుగుతున్నాను. సినిమా పాటల్లో మోహన రాగానికి వెనక ఎఫ్, జి కార్డ్స్ వేస్తూనే ఉంటారు, వినడానికి బాగానే ఉంటాయి. పాట స్వరం మారకపోతే రాగం ఎలా చెడుతుంది? రెండు కార్డ్స్‌తో పాటంతా నడిపితే చప్పగా ఉండదా?

వీణ_సీతమ్మధార · శనివారం మధ్యాహ్నం 3:10

మంచి ప్రశ్న. అక్కడ గాయకుడి గొంతు ముందుంటుంది, నలభై వాద్యాలు వెనక ఉంటాయి. గొంతే పాటని నిలబెడుతుంది. ఇక్కడ గొంతు లేదు, మాటలు లేవు. ఒక్క గిటారే పాటా, పక్కవాద్యమూ. ఆరు తీగల్లో ఒకదాని మీద నిషాదం మోగితే అది పాటలోదో కాదో చెవికి ఎవరు చెప్తారు?

పైగా వినేది ఎవరు? ఆ పాట డెబ్భై ఏళ్ళుగా నోట్లో ఉన్న ఆవిడ. ఆవిడకి వెంటనే తెలుస్తుంది.

గిటార్ మీద రాగం వద్దనేదాన్ని కాదు నేను. వయొలిన్ మాత్రం మనదా? బయటి నుంచే వచ్చింది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు మా కళాశాలలోనే ఆ వాద్యం నేర్పేరు. కళాశాల 1919లో మొదలైన నాటి సంగతి. వాద్యం ఏదైనా పాట చెప్పినట్టు వినాలి.

ఆరు_తీగలు · శనివారం సాయంత్రం 4:00

అర్థమైంది మేడమ్. లెక్క వేసి చూశాను. ఆ ఐదు స్వరాల్లోంచి పూర్తిగా కట్టగలిగే మూడు స్వరాల కార్డ్స్ రెండే ఉన్నాయి: స గ ప, ద స గ. సి స్కేల్లో అయితే సి, ఎ మైనర్. ఇంకేది కట్టబోయినా మధ్యమమో నిషాదమో కావాలి. ఇన్నాళ్ళూ మోహనాన్ని ఇలా చూడలేదు.

ఆదివారం_గిటార్ · ఆదివారం మధ్యాహ్నం 1:20

ఆరాధన నుంచి ఇప్పుడే వచ్చి చదివాను. మేడమ్ గారి మాట విన్నాక నాకు తోచింది: దీన్ని సి నుంచి జి స్కేలుకి మార్చేద్దాం. షడ్జమం జి అయితే స్వరాలు ఇలా పడతాయి: స మూడో తీగ ఖాళీ, రి అదే తీగ రెండో ఫ్రెట్, గ రెండో తీగ ఖాళీ, ప రెండో తీగ మూడో ఫ్రెట్, ద ఒకటో తీగ ఖాళీ. ఐదు స్వరాల్లో మూడు ఖాళీ తీగలే! బేస్‌కి స ఆరో తీగ మూడో ఫ్రెట్, ప నాలుగో తీగ ఖాళీ, ద ఆరో తీగ ఖాళీ. ఎఫ్ కార్డ్ గొడవే లేదు.

మొదటి వరస:

```
1 |-----------|-0---------|-----------|-----------|
2 |-0---0---3-|---------3-|-0---3---0-|-----------|
3 |-----------|-----------|-----------|-2---------|
4 |-----------|-----------|-----------|-0---------|
5 |-----------|-----------|-----------|-----------|
6 |-3---------|-0---------|-3---------|-----------|
```

రెండో వరస:

```
1 |-----------|-----------|-----------|-----------|
2 |---------0-|-3-------0-|-----0-----|-----------|
3 |-2---2-----|-----------|-2-------2-|-0---------|
4 |-0---------|-----------|-0---------|-----------|
5 |-----------|-----------|-----------|-----------|
6 |-----------|-3---------|-----------|-3---------|
```

ఆరో తీగ మీద మధ్యవేలు, రెండో తీగ మీద ఉంగరపువేలు, మూడో తీగ మీద చూపుడువేలు. మేడమ్ గారూ, ఇందులో స, ప, ద తప్ప బేస్‌లో ఇంకేదీ లేదు. సరిపోయిందా?

ఇది కుదిరాక, పాట ఒక్క స్వరం మీద నిలిచే బార్లలో మూడో దెబ్బకి నాలుగో తీగ ఖాళీగా ఒక్కసారి తాకండి. ఊయల తిరిగి వచ్చినట్టు ఉంటుంది. అంతకుమించి ఏమీ కలపకండి.

వీణ_సీతమ్మధార · ఆదివారం సాయంత్రం 5:00

సరిపోయింది నాయనా. పాడుకుంటూ చూసేను.

ఒక్క చిన్న చేర్పు. రెండో వరసలో "రి రి గ" దగ్గర ఆ గాంధారాన్ని ఖాళీ తీగ మీద కాకుండా మూడో తీగ మీదే, రిషభం నుంచి జారుతూ తీసుకుంటే? నాలుగో ఫ్రెట్‌లో కదా గాంధారం వస్తుంది. జారు వేస్తే గొంతులా ఉంటుంది. ఖాళీ తీగ గంట కొట్టినట్టు మోగుతుంది, దాన్ని కదపలేం. అన్నిచోట్లా వద్దు, ఆ ఒక్కచోట చాలు.

తరంగం_భీమిలి · మంగళవారం రాత్రి 10:10

నేనూ ఈ లాలిపాట నేర్చుకుంటున్నాను, బి_షిఫ్టు గారు ఏమీ అనుకోరని నమ్ముతున్నాను. ఆ జారు వేసిన చోట మా అబ్బాయి హోంవర్క్ ఆపి "ఎవరు పాడుతున్నారు" అన్నాడు.

నాకు పనికొచ్చిన ఒక పద్ధతి చెప్తాను. ముందు పాట నోటితో పాడుతూ బేస్ ఒక్కటే వాయించాను, రెండు రోజులు. తర్వాత బేస్ స్వరాల్ని నోటితో "స... ద... స... ప" అంటూ పాట ఒక్కటే వాయించాను. మూడోరోజు రెండూ కలిపితే వేళ్ళకి కొత్తగా అనిపించలేదు. రెండు పాయల జడ అల్లేముందు రెండిటినీ విడిగా దువ్వుకున్నట్టు.

బి_షిఫ్టు · ఆదివారం రాత్రి 10:50

మూడు వారాలైంది, చెప్పాల్సినవి చాలా ఉన్నాయి.

తీగలు మార్పించాను, 10 సెట్. ఎత్తు మూడు మిల్లీమీటర్ల పైన ఉంటే కొంచెం దింపించాను. చిటికెనవేలు నొప్పి పోయింది. తరంగం గారూ, అమ్మతో చెప్పాను, భీమిలిలో కూడా ఆ పాట వాయిస్తున్నారని. "వాళ్ళ పిల్లాడికి ఎన్నేళ్ళు" అని అడిగింది.

నిన్న అమ్మ ఒళ్ళో పాప ఉండగా వాయించాను. రెండు వరసలూ తడబడకుండా వచ్చాయి. అమ్మ రెండోసారి కల్పించుకుని పాడబోయింది, గొంతు కలవలేదు. నా జి ఆమెకి కిందుగా ఉంది. ఆపి, కూనిరాగం తియ్యమని స్వరం వెతికితే ఆమె షడ్జమం ఎ దగ్గర ఉంది. కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్) రెండో ఫ్రెట్ మీద పెట్టి అవే వేళ్ళతో వాయించాను. కలిసింది. అమ్మ ఒక వరస పాడి ఆగింది, ఊపిరి తీసుకునేంతసేపు నేను రెండో వరస వాయించాను, మళ్ళీ అందుకుంది. అలా మూడు చరణాలు. పాప రెండో చరణంలోనే పడుకుంది, మేము ఆపలేదు.

వీణ_సీతమ్మధార · ఆదివారం రాత్రి 11:15

ఎ అంటే ఆరు శ్రుతి. ఈ వయసులో ఆరు శ్రుతిలో పాడుతున్నారంటే చక్కటి గొంతు.

బాబూ, పెద్దదాన్ని కాబట్టి చెప్తున్నాను. మీరు వాయించేది స్వరాలు. గమకం, మాట విరుపు అమ్మగారి నోట్లోనే ఉన్నాయి. ఆవిడ పాడుతుండగా ఫోన్లో రికార్డ్ చేసి, మాటలు కూడా పుస్తకంలో రాసి ఉంచండి. ఆలస్యం చెయ్యకండి.

బి_షిఫ్టు · సోమవారం ఉదయం 7:05

ఇవాళ పొద్దున్న చేశానమ్మా. ఒక్కో చరణం, మధ్యలో ఆగుతూ. మొత్తం ఏడు చరణాలున్నాయి. నాకు తెలిసినవి మూడే.